శుక్రవారం నాలుగింటి కునుకు

గడియారాలు బాగుచేసే మనిషి తన కొట్లోనే పోయాడు. పట్టపగలు. కంటికి భూతద్దం బిగించుకుని ఎవరిదో గోడ గడియారం పొట్ట విప్పి చూస్తున్నాడు. కోటు తొడుక్కున్న ఒకడు లోపలికి వచ్చి, "టైమెంత?" అని అడిగాడు.

నాలుగు గోడలా గడియారాలున్న కొట్లో ఆ మాట ఎవరూ అడగరు. గడియారాలాయన తల ఎత్తాడు. సైలెన్సర్ బిగించిన పిస్టల్ రెండుసార్లు దగ్గింది. కోటువాడు తలుపు దగ్గరికి లాగి జనంలో కలిసిపోయాడు. లోపల గడియారాలు మాత్రం ఆడుతూనే ఉన్నాయి.

చచ్చిపోయినవాడికి గడియారాల పని పైకి మాత్రమే. రహస్య శాఖ ఏజెంటు. ఎదురు మేడలో మకాం వేసిన విదేశీ ముఠాను రెండేళ్ళుగా కనిపెట్టి చూస్తున్నాడు. ఆ ముఠా మీద ఊరంతా విత్తనాల్లా చల్లిన ఏజెంట్లు పద్నాలుగు మంది. ఒకడు దర్జీ, ఒకడు లిఫ్టు నడిపేవాడు, ఒకడు కూరల బండివాడు. ఒకరు ఎక్కడున్నారో ఇంకొకరికి తెలియదు. అయినా వరసగా ముగ్గురు పోయారు.

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నువ్వు పట్టాలి," అన్నాడు పెద్దాయన.

రహస్య శాఖకు ఆయనే అధిపతి. నీటి సరఫరా ఆఫీసు మూడో అంతస్తులో ఆయన గది. కింది రెండు అంతస్తుల్లో నిజంగానే జనం వచ్చి కుళాయిలో నీళ్ళు రావడం లేదని పోట్లాడుతుంటారు. పై అంతస్తు తలుపు మీద 'పాత పైపుల విభాగం' అని బోర్డు. ఆ తలుపు తట్టే ఓపిక ఇంతవరకు ఎవరికీ పుట్టలేదు.

ఎదురుగా నిలబడ్డ ఏజెంటును కొంగ అంటారు. పొడుగు మనిషి, సన్నటి మెడ. ఎంతసేపైనా కదలకుండా కాపు కాయగలడు. మాట పొదుపు.

"ఎవరి మీద అనుమానం సార్?"

"మన పద్నాలుగు మందీ ఎక్కడున్నారో తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకణ్ణి నేను."

"రెండో మనిషి?"

పెద్దాయన కిటికీ వైపు తిరిగాడు. "మీ అక్క."

కొంగ కూడా కిటికీ దగ్గరికి వచ్చాడు. అడిగాడు. "అక్కే అని తేలితే?"

"రూలు నీకు తెలుసు. అందుకే నిన్ను పంపుతున్నా. ఇంకొకడైతే ముందు కాల్చి తర్వాత కనుక్కుంటాడు." పెద్దాయన గొంతు తగ్గించాడు. "ముఠాలో నెమలి అని ఒకతె ఉంది. మనకు కబురు పెట్టింది. ఏదో చెబుతుందట. నువ్వే వెళ్ళాలి. వల కావచ్చు. ఇవాళ మూడింటికి, కళ్ళజోళ్ళ షాపులో."

*

కొంగ తెల్లకోటు వేసుకుని, మందపాటి కళ్ళజోడు పెట్టుకుని వరండాలోకి వచ్చాడు. ఆ కళ్ళజోడు గ్యాడ్జెట్ల విభాగం వాళ్ళు చేసింది. అంచుల్లో సన్నటి అద్దాలు. తల తిప్పకుండా వెనక వచ్చేవాడు కనిపిస్తాడు. ముందున్న గుమ్మం మాత్రం కనబడదు. తల గుమ్మానికి కొట్టుకుంది.

"నిచ్చెనకు కళ్ళజోడు పెట్టినట్టున్నావురా," అంది అక్క. సర్వర్ గది అద్దాల తలుపు తీసి పట్టుకుని నవ్వుతోంది. "అన్నం తిన్నావా? తినలేదు. మొహం చూస్తేనే తెలుస్తోంది. పొద్దున ఆ డబ్బా నీకు కట్టిచ్చింది ఎందుకు, మోసుకు తిరగడానికా?"

"వచ్చాక తింటానులే అక్కా."

"మీ బావ కూడా అలాగే అనేవాడు."

ఆ మాటతో ఇద్దరూ లోపలికి చూశారు. అద్దాల వెనక సర్వర్ బీరువా అంత ఎత్తున గుర్రుమంటోంది. దాన్ని అందరూ పెద్దమ్మ అంటారు. ఏజెంట్ల చొక్కా కాలర్లలో కుట్టిన బొత్తాం రేడియోలన్నీ దానితోనే మాట్లాడతాయి. ఎవడికి ఆపద వచ్చినా బొత్తాం నొక్కితే పెద్దమ్మకు వినబడుతుంది.

ఎనిమిదేళ్ళ కిందట ఒకసారి వినబడలేదు. ఆ రోజు నొక్కింది బావ. కొంగకు ఈ విద్య నేర్పిన గురువు. ఆయన మూడుసార్లు నొక్కాడు. అంతకుముందు నెలల తరబడి ఆపకుండా నడిచిన పెద్దమ్మ సరిగ్గా ఆ గంటలోనే బిగుసుకుపోయింది. మర్నాడు దాన్ని ఆపి మళ్ళీ లేపాక ఆ మూడు పిలుపులూ తెర మీదికి వచ్చాయి. వాటిని మొదట చూసింది అక్కే.

అప్పటినుంచి ఆవిడ పెద్దమ్మను అలిసిపోనివ్వలేదు. ప్రతి శుక్రవారం మూడున్నరకు ఆపుతుంది. దుమ్ము తుడుస్తుంది. నాలుగింటికి మళ్ళీ ఆన్ చేస్తుంది. దానికి పెద్దమ్మ కునుకు అని పేరు. కునుకు నుంచి లేవగానే పెద్దమ్మ మొదట చేసే పని హాజరు పిలవడం. ఒక్కొక్క బొత్తాన్నీ పేరు పెట్టి పిలుస్తుంది. బొత్తాం పలుకుతుంది. గోడ మీది పలకలో ఆ మనిషి పేరు పక్కన పచ్చదీపం వెలుగుతుంది. ఈ హాజరు కూడా అక్క పెట్టిందే. అందరూ బతికే ఉన్నారని వారానికి ఒక్కసారైనా కళ్ళారా చూసుకోవాలని.

"రోగం వచ్చాక మందు కాదురా, రాకముందే విశ్రాంతి ఇవ్వాలి," అనేది. ఎవరూ కాదనలేదు. ఆవిడ మొహం చూసి కాదనేవాడు ఎవడు?

"జాగ్రత్త," అంది అక్క. "గుమ్మాలు చూసుకుని నడు."

కొంగ మెట్లు దిగాడు. అక్కను అనుమానించమని ఇచ్చిన ఆర్డరు జేబులో లేదు. గుండెల్లో రాయిలా ఉంది.

*

కళ్ళజోళ్ళ షాపులో వెనక గదిలో కుర్చీ. ఎదురుగోడకు అక్షరాల అట్ట. కుర్చీలో నెమలి కూర్చుని ఉంది. నీలంరంగు పట్టు గౌను, మెడ చుట్టూ ఆకుపచ్చ స్కార్ఫు. అందం అంటే అంత అందం. కళ్ళ కింద మాత్రం రాత్రుళ్ళు నిద్రలేని నలుపు.

"డాక్టరు గారూ, దూరంవి బాగానే కనబడుతున్నాయండీ," అంది.

అది కోడ్. కొంగ జవాబు చెప్పాడు. "దగ్గరివే మోసం చేస్తాయి."

"అయితే కూర్చోండి, కొంగ గారూ. నిలబడి జపం చేస్తే షాపువాడికి అనుమానం వస్తుంది."

కొంగ ఆమె కంటి ముందు అద్దాల చట్రం పెట్టాడు. "ఎవరు చెబుతున్నారు మీకు? మాలో ఎవరు?"

"చివరి వరస చదవమంటారా?" బయట ఎవరో నడిచిన చప్పుడు ఆగేదాకా ఆగింది. "మీలో ఎవరూ చెప్పలేదు. మీ ఇంట్లో దొంగ లేడు."

కొంగ ఊపిరి వదిలాడు. అక్క కాదు. ఆ ఒక్క మాట చాలనిపించింది. కానీ ఆమె ఇంకా ఆపలేదు.

"మీ అలవాటే మాకు చెప్పింది. ప్రతి శుక్రవారం నాలుగింటికి మీ యంత్రం లేస్తుంది. లేవగానే పిల్లల్ని పిలిచినట్టు అందర్నీ పిలుస్తుంది. వాళ్ళు పలుకుతారు. ఒక్క క్షణమే. ఆ క్షణం ఎప్పుడో తెలియకపోతే ఏళ్ళ తరబడి వెతికినా దొరకదు. తెలిస్తే? ఒక వ్యానూ, దాని మీద యాంటెన్నా, లోపల చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకున్న మనిషీ ఉంటే చాలు. ఇంతకాలం మాకున్నది ఒకే వ్యాను. అందుకే వారానికి ఒక్కరే దొరికారు."

కొంగ చేతి వాచీ చూసుకున్నాడు. ఇవాళే శుక్రవారం.

"ఆ హెడ్‌ఫోన్లు పెట్టుకునే మనిషిని నేనే," అంది నెమలి. "పోయినవారం పలుకు వినబడింది. మ్యాపు మీద వేలు పెట్టి చూపించాను. మా ఎదురు వరసే, పాతిక కొట్లున్నాయి; వాటిలో గడియారాల కొట్టని నాకు తెలియదు. అతను నాకు తెలుసండీ. నెల రోజులపాటు ఏదో ఒక వంకతో ఆ కొట్టుకు పోయేదాన్ని. బాగున్న వాచీ తీసుకుపోయి ఆగిపోయిందనేదాన్ని. అతను ముల్లు తిప్పి, ఆగిపోలేదమ్మా, మీరే తొందరపడుతున్నారు, అనేవాడు. నేనెవరో అతనికి తెలియదు. అతనెవరో నాకు తెలియదు."

ఆమె ఏడవలేదు. అట్ట మీది అక్షరాలు చూస్తూ మెల్లగా అంది. "ఇవాళ తొమ్మిది వ్యాన్లు వస్తున్నాయి. ఊరు మొత్తం. మిగిలిన పదకొండు మందీ ఒక్కసారే దొరుకుతారు. వ్యానుకు ఇద్దరేసి తుపాకీవాళ్ళు. చీకటి పడేలోపు అయిపోవాలని ఆర్డరు."

"మీరు నాతో రండి."

"నేను సీట్లో లేకపోతే వాళ్ళు వ్యాన్లు కదపరు. ఇంకో దారి వెతుక్కుంటారు. మీరు మీ యంత్రం నోరు మూయించండి. నేను నా హెడ్‌ఫోన్లు పెట్టుకుంటాను." లేచి స్కార్ఫు సర్దుకుంది. "ఆ కళ్ళజోడు తీసేయండి. గుమ్మానికి కొట్టుకుంటారు."

*

సర్వర్ గదిలోకి ఫోన్లు తీసుకుపోకూడదు. అందుకని కొంగ పెద్దాయనకు ఫోన్ చేశాడు. మోటారు సైకిలు నడుపుతూనే ఇయర్‌ఫోన్లోకి అరిచాడు.

"అక్క కాదు సార్. హాజరు పిలుపు! కునుకు ఆపించండి!"

"ఆడమనిషి ఏడుపు చూసి నమ్మావా?"

"ఆవిడ ఏడవలేదు సార్."

"అదే చెబుతున్నా. వాళ్ళు మన సర్వర్లో ఏదైనా పురుగును వదిలారనుకో. మెమరీలో దాక్కునే రకం. రీస్టార్ట్ చేస్తే చచ్చిపోతుంది. రీస్టార్ట్ ఆపించడానికే ఈ నాటకం అయితే? ఎనిమిదేళ్ళుగా కునుకు వల్ల ఒక్కసారైనా పెద్దమ్మ పడిపోయిందా?"

"మనుషులు పడిపోయారు సార్!"

లైను తెగింది. కూడలిలో ఎర్రదీపం పడింది. కొంగ ఆగలేదు. ఎవడో తిట్టాడు. ఇంకెవడో వాడి తల్లిదండ్రుల్ని కూడా కలిపి తిట్టాడు. దారిలో ఒక మలుపు దగ్గర రొట్టెల వ్యాను నిలబడి ఉంది. దాని నెత్తి మీద ఇనప కడ్డీ మెల్లగా పైకి లేస్తోంది. రొట్టెల వ్యానుకు కడ్డీ ఏమిటి?

మూడో అంతస్తుకు వచ్చేసరికి పెద్దాయన వరండాలో అడ్డంగా నిలబడ్డాడు. అద్దాల తలుపుకు లోపలినుంచి గడియ పడి ఉంది. పెద్దమ్మ నిద్రపోతోంది. గది నిశ్శబ్దంగా ఉంది. అక్క గుడ్డతో దాని మొహం తుడుస్తోంది, జ్వరం వచ్చిన బిడ్డను తుడిచినట్టు.

కొంగ ఆయన్ను తప్పుకుని గోడకున్న ఇంటర్‌కమ్ నొక్కాడు. "అక్కా, ఇవాళ ఆన్ చేయకు."

"ఎవరన్నారు?"

"పెద్దాయన ఆర్డరు."

"ఆయన నీ వెనకే నిలబడి తల అడ్డంగా ఊపుతున్నాడురా. అబద్ధం ఆడటం కూడా చేతకాదు, నిన్ను గూఢచారిని ఎవడు చేశాడో."

"అక్కా, ఈ ఒక్కరోజు పెద్దమ్మను అలాగే పడుకోనీ. నీకు దండం పెడతా."

ఆవిడ మొహంలో నవ్వు పోయింది. "చెవులు మూసి పడుకోబెట్టి ఉంచమంటావా? ఈలోపు ఎవడికైనా ఆపద వచ్చి నొక్కితే? మూడుసార్లు నొక్కితే? ఆ పని రెండోసారి నా చేత చేయించకు."

అక్క బటన్ నొక్కేసింది.

పెద్దమ్మ ఫ్యాన్లు మూలిగాయి. ముందు భాగంలో కిందినుంచి పైకి చిన్న దీపాల వరస. మొదటిది వెలిగింది. చివరిది వెలిగాక హాజరు మొదలవుతుంది.

కొంగకు చెప్పడానికి ఒకే ఒక్క మాట మిగిలింది. ఆ మాట చెప్పకుండా ఉండటానికి ఊరంతా తగలబడినా ఫరవాలేదనిపించింది. కానీ పదకొండు మంది ఉన్నారు.

"అక్కా, హాజరు పిలిచినప్పుడు పలికేది నీ ఒక్కదానికే కాదు. బయట వాళ్ళూ వింటున్నారు. శుక్రవారం నాలుగింటికి చెవులు ఒగ్గి కూర్చుంటున్నారు. గడియారాలాయన అలాగే దొరికాడు. ముగ్గురూ అలాగే దొరికారు. ఇవాళ పదకొండు మంది కోసం కాచుకుని ఉన్నారు."

లోపల అక్క కదలలేదు. గుడ్డ చేతిలోనే ఉంది. దీపాలు సగందాకా వచ్చాయి.

"ముగ్గురూనా?" అంది.

కొంగ అద్దానికి నుదురు ఆనించాడు.

ఆవిడ గిరుక్కున పెద్దమ్మ వెనక్కి వెళ్ళింది. అక్కడ రెండు లావుపాటి తీగలు. నీలంది చెవి, నల్లది నోరు. నల్లదాన్ని పట్టుకుని దాని మర తిప్పింది. ఎన్నేళ్ళనుంచో విప్పని మర, పట్టేసి ఉంది. రెండు చేతులతో తిప్పింది. గోరు విరిగి రక్తం వచ్చింది. మర కదలలేదు.

"అమ్మా, మెయిన్ స్విచ్ ఆపెయ్!" అని అరిచాడు పెద్దాయన. ఎప్పుడు మనసు మారిందో ఆయనకే తెలియదు.

"ఆపను. నోరు మూస్తాను. చెవి మూయను."

గోడకు తగిలించిన ఫైర్ గొడ్డలి అందుకుంది. చివరి రెండు దీపాలు మిగిలాయి. గొడ్డలి లేచింది. ఒకటి మిగిలింది. గొడ్డలి పడింది.

చివరి దీపం వెలిగింది. పెద్దమ్మ పదకొండు పేర్లూ పిలిచింది. పిలుపు తెగిన తీగ కొసదాకా వచ్చి అక్కడే ఆగిపోయింది.

గోడ మీది పలకలో ఒక్క పచ్చదీపం కూడా వెలగలేదు. అందరూ బతికే ఉన్నారు. అయినా ఆ పలక చూస్తే అందరూ పోయినట్టే ఉంది. అక్క దాని ముందు నేల మీద కూలబడి, ఆ చీకటి పేర్ల వైపు చూస్తూ ఉండిపోయింది.

*

రొట్టెల వ్యాన్లు తొమ్మిదీ దొరికాయి. నాలుగింటికి కడ్డీలు పైకి ఎత్తి, రాని పలుకు కోసం కదలకుండా నిలబడ్డాయి. వెతకాల్సిన పని కూడా లేకపోయింది. పోలీసులకు పెద్దాయన చెప్పింది ఒక్కటే: నెత్తిన కడ్డీ ఉన్న రొట్టెల వ్యాను.

ఎనిమిది వ్యాన్లలో అందరూ చేతులెత్తారు. తొమ్మిదో దాంట్లో ముఠా నాయకుడు ఉన్నాడు. పలుకు వినబడకపోయేసరికి వాడు నెమలి మొహం చూశాడట. చూడగానే అర్థమైందట. పోలీసులు తలుపు విరగ్గొట్టేటప్పటికి ఆవిడ తన సీట్లోనే ఉంది. హెడ్‌ఫోన్లు చెవులకే ఉన్నాయి. ఆకుపచ్చ స్కార్ఫు ఎర్రబడింది.

ఆ సాయంత్రం అక్క పెద్దాయన ముందు నిలబడింది. "ద్రోహిని వెతుకుతున్నారుగా. నన్ను రాసుకోండి."

"హాజరు పెడతానని నువ్వు అడిగిన రోజు సరేనన్నది నేను," అన్నాడు పెద్దాయన. "ప్రతివారం ఒకే వేళకు చేస్తున్నా నోరెత్తనిది నేను. ఇల్లు ఊడ్చేవాళ్ళను ఎవరూ అనుమానించరమ్మా. చీపురు చప్పుడు మాత్రం వీధిలోకి వినబడుతుంది. ఇంటికి పో."

ఆవిడ ఇంటికి పోలేదు. కొంగ పక్కనే కూర్చున్నాడు. ఆవిడ విరిగిన గోరు చూసుకుంటూ అడిగింది.

"అంతకుముందు ఎవరూ లేరుగా? ఆ ముగ్గురేగా?"

"ముగ్గురే అక్కా."

"వాళ్ళ పచ్చదీపాలు వెలిగినప్పుడు నేను నవ్వుకునేదాన్నిరా."

నల్ల తీగ అతికించారు. హాజరు పిలుపు తీసేశారు. శుక్రవారం కునుకు మానేశారు. పెద్దమ్మ మళ్ళీ బిగుసుకుపోతుందన్న భయం మాత్రం అక్కకు పోలేదు. పెద్దమ్మ ఆగకుండా నడుస్తుంటే రాత్రింబవళ్ళు దాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. రెండు నెలలు దాటాక పెద్దమ్మ నిజంగానే మందగించింది. రీస్టార్ట్ కొట్టమని అందరూ అరిచారు. అక్క కొట్టలేదు. ఇప్పుడు కొడితే రోగం దాక్కుంటుంది, కదలకండి, అంది. యంత్రం నడుస్తుండగానే దాని పొట్ట వెతికింది.

దొరికింది. తెర మూలన గది ఉష్ణోగ్రత చూపించే ఒక చిన్న ప్రోగ్రాం. ఎవరూ చూడరు దాన్ని. అది నిమిషానికోసారి కాస్త మెమరీ తీసుకుంటుంది, తిరిగి ఇవ్వదు. నెలలు గడిస్తే పెద్దమ్మకు ఊపిరి పీల్చుకోవడానికి చోటు మిగలదు. ఎనిమిదేళ్ళ కిందట బిగుసుకుపోయింది అందుకే. ప్రతివారం కునుకు వేయించి లేపడంతో అది మళ్ళీ పుట్టి, మళ్ళీ చచ్చి, ఒక్కసారీ పైకి కనబడలేదు.

అక్క ఆ ప్రోగ్రాం తీసేసింది. ఒక్క మీట చాలింది. తర్వాత కొంగను పిలిచి తెర చూపించింది.

"ఇంతేనట్రా," అంది. "మీ బావను మింగింది ఇంతేనట."

అప్పుడు ఏడ్చింది. ఎనిమిదేళ్ళ ఏడుపూ, ఆ ముగ్గురి ఏడుపూ, ఎవరికీ కాని ఆ నెమలి ఏడుపూ కూడా కలిపి ఏడ్చింది. కొంగ కదలకుండా నిలబడ్డాడు. ఏం చేయాలో తెలియక ఆవిడ తల మీద చెయ్యి వేసి, తీయడం మరిచిపోయాడు.

ఆ మర్నాడు పెద్దాయన శాఖ అంతటికీ ఆర్డరు పంపాడు. ఇకమీదట సర్వర్‌ను అవసరమైతేనే ఆపాలి, అలవాటు కొద్దీ ఆపకూడదు. అవసరమేదో అలవాటేదో తేల్చడానికి సిబ్బంది మొత్తం ప్రతి శుక్రవారం నాలుగు గంటలకు ఒకే గదిలో సమావేశం కావాలి.

కొంగ ఆ సమావేశానికి ఇంతవరకు ఒక్కసారి కూడా వేళకు వెళ్ళలేదు.